చేతి మెరుగు

కుర్చీని చూడటంలో ఎవరి లెక్క వారిది. షాంఘై నుంచి వచ్చే తాన్ గారైతే జేబులోంచి చిన్న టార్చి తీసి, కొయ్య మీద పక్కవాటుగా వెలుగు పడేసి, అందులోని గీతలు చూసి "అబ్బ, ఏం కొండలు! అబ్బ, ఏం మబ్బులు!" అని మురిసిపోతాడు. పాత కుర్చీలు బాగుచేసి అమ్మే కొట్టు నడిపే షూ యోంగ్‌లిన్ కుర్చీని ముందు తలకిందులు చేస్తాడు. మేకు అన్నది లేకుండా ఒకదాన్లో ఒకటి దూరిన అతుకులు బిగువుగా ఉంటే అతనికి అదే అందం. ఊళ్ళో జనం కూర్చుని చూస్తారు, నడుం పట్టెయ్యకపోతే మంచి కుర్చీయే, అంతకుమించి రాద్ధాంతం లేదు. యోంగ్‌లిన్ తండ్రి గెన్‌షంగ్ మాత్రం కళ్ళు మూసుకుని చూస్తాడు. అరచెయ్యి వేసి మెల్లగా జరుపుకుంటూ వచ్చి, కుర్చీ చేతి కొస దగ్గర ఆగిపోతాడు. "ఇక్కడ చూడండర్రా, ఇక్కడ. దీన్ని వడ్రంగి చెయ్యలేదు, కూర్చున్నవాడు చేశాడు" అంటాడు.

ఆయన చెప్పేది చేతి మెరుగు గురించి. ఒకే మనిషి అరచెయ్యి ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని, చెమటా జిడ్డూ దుమ్మూ పొయ్యి పొగా అన్నీ ఇంకి, పాత కొయ్య మీద ఒక పొర కడుతుంది. నేరేడుపండు తొక్కలా నల్లగా, నునుపుగా ఉంటుంది. ఏ కొట్లోనూ అమ్మరు, ఏ మైనంతోనూ రాదు. తాన్ గారి కంటికి అది మురికి. "గీకించెయ్యండి, కింద గీతలు కనపడాలి" అంటాడు. కొనేవాడు ఆయన కాబట్టి ఆయన మాటే చెల్లుతుంది. గీకే పని మాత్రం పెయ్‌జెన్ నెత్తిన పడుతుంది.

పెయ్‌జెన్ యోంగ్‌లిన్ భార్య. థాయ్‌హూ సరస్సు ఒడ్డున ఆ కొట్లో మెరుగు పని అంతా ఆమెదే. పని నేర్పింది మామగారు. కన్నతండ్రి చిన్నప్పుడే పోయాడు, ఆ లోటు ఈ ఇంటికొచ్చాకే తీరింది. ఆ మామగారి ఊపిరితిత్తుల నిండా ఇప్పుడు ఒక జీవితకాలపు రంపప్పొట్టు. పడుకుంటే ఊపిరాడదు. రాత్రీ పగలూ వెనక గదిలో తన గుండ్రటి వీపు కుర్చీలోనే కూర్చుని, బొంత కప్పుకుని, ఈల వేసినట్టు ఊపిరి పీలుస్తుంటాడు. చిన్న జలుబు చేసినా, గట్టిగా భయపడినా ఆ ఊపిరి నిలవదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అప్పట్నుంచీ పెయ్‌జెన్ ఏ పని చేస్తున్నా ఒక చెవి వెనక గదిలోనే ఉంటుంది. ఆ ఈల వినపడుతున్నంతసేపే ఆమెకు నెమ్మది. వినపడకపోతే చేతిలోది పడేసి పరిగెత్తుతుంది.

వేసవి మొదట్లో ప్లమ్ పళ్ళు పండే కాలపు ముసురు పట్టింది. గోడలు చెమరుస్తున్నాయి, సొరుగులు ఉబ్బి బిగుసుకుపోయాయి. కొట్లో కొయ్యంతా ఉండుండి టక్కుమంటోంది. ఆ కాలమంతా పెయ్‌జెన్‌కు కాలు ఒకచోట నిలవదు. ఆ పొద్దున్నే యోంగ్‌లిన్ ఒక బీరువాతో షాంఘై బయల్దేరుతూ, గుమ్మంలో పెట్టిన గుండ్రటి వీపు పాత కుర్చీ చూపించాడు. సరస్సు అవతలి పల్లెల్లో పాత సామాను కొనుక్కొచ్చే ఆక్వన్ రెండ్రోజుల కిందట పడవలో తెచ్చిన కుర్చీ అది.

"రేపు పొద్దున తాన్ గారి వ్యానులోనే తిరిగొస్తా. అప్పటికి ఇది తళతళలాడాలి."

"చేతి మెరుగు ఇంత బాగుందే! మామయ్యకు ఒకసారి చూపించి..."

"చూపిస్తే ఇక గీకనిస్తాడా? నీకు తెలీదా ఏంటి? చప్పుడు చెయ్యకుండా కానిచ్చెయ్."

చప్పుడు చెయ్యకుండా గీకడం ఎలాగో చెప్పకుండానే లారీ ఎక్కేశాడు మహానుభావుడు.

పెయ్‌జెన్ ఉక్కురేకు తీసుకుని కూర్చుంది. కుర్చీ చేతుల కొసలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కుడివైపు కొస మీద బొటనవేలు పెట్టుకునే చోట చిన్న గుంట పడి ఉంది. ఆమె తన బొటనవేలు పెట్టి చూసింది. తనకంటే చాలా పెద్ద వేలు. మనసొప్పక కాసేపు అటూ ఇటూ తిరిగింది, టీ తాగింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. చివరికి రేకు ఆనించి లాగింది. నల్లటి పొర మెత్తగా చుట్టలు చుట్టుకుంటూ ఊడివచ్చింది. తలనూనె వాసన. చెమట వాసన. బురదనీళ్ళ వాసన. ఎవరో మనిషి మెడ దగ్గర ముఖం పెట్టినట్టనిపించి పెయ్‌జెన్ వెనక్కి జరిగింది.

"అమ్మాయ్!" వెనక గదిలోంచి మామగారు పిలిచాడు. "ఏం గీకుతున్నావే?"

"పాత లక్క, మామయ్యా."

"లక్కయితే గరగరమంటుంది. ఇది జిడ్డు చప్పుడు. ఎవరి చేతుల్ని గీకేస్తున్నావే తల్లీ?"

"మీ అబ్బాయే చెప్పి వెళ్ళాడు."

"వాడు చెప్తే ఇంటికి నిప్పు పెడతావా?" అని కసిరి, దగ్గు ముంచుకొచ్చి ఆగిపోయాడు.

ఆ దగ్గు తగ్గేదాకా ఆమె చేతులు ఆడలేదు. తగ్గాక సిగ్గుపడుతూనే పని కానిచ్చింది. ఎండిన గరుకు గడ్డితో రుద్దింది. సాయంత్రానికి నలుపంతా పోయి, లోపలి కొయ్య పసుప్పచ్చగా బయటపడింది. వీపు చెక్క మీద గీతలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోపురాల్లా లేచాయి. తాన్ గారు చూస్తే టార్చి పడేసి చప్పట్లు కొడతాడు. చూడటానికి బాగానే ఉంది. చెయ్యి వేస్తే మాత్రం కొత్త పలకలా ఉంది, ఎవరికీ చెందనట్టుంది. సన్నటి పొడి లేచి కొట్లో ఉన్న కుర్చీలన్నిటి మీదా పరుచుకుంది. రేపు తుడుచుకోవచ్చులే అనుకుంది.

చీకటి పడుతుండగా ఆక్వన్ వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే ఒక పాట, ఒక వేళాకోళం విసిరే మనిషి, ఇవాళ తడిసి ముద్దయి, గడప దాటకుండా నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ గుండ్రటి కుర్చీ... ఇంకా ముట్టుకోలేదు కదూ?"

"ఏం అన్నయ్యా, ఎక్కువకి బేరం తగిలిందా?"

"బేరమా, నా బొందా! ఇచ్చెయ్, పడవ కట్టేసి ఉంచాను, ఇప్పుడే పట్టుకుపోతా." గొంతు తగ్గించాడు. "అది గు తాతది. కళ్ళు లేని మనిషి. పెళ్ళయిన నాటినుంచీ అందులోనే కూర్చుని వలలు అల్లాడట. ఆయన పోయిన నాలుగో రోజున కొడుకు దాన్ని నాకమ్మేశాడు. పోయాడని నాకు చెప్పనేలేదు చెల్లెమ్మా! కొత్త ఫ్లాటు కొన్నాం, సోఫా వేసుకుంటున్నాం అన్నాడు. ఇవాళ రేవులో ఊరు ఊరంతా నా మీద పడింది."

"ఇవాళ..."

"ఇవాళ ఏడో రోజు."

పెయ్‌జెన్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. ఏడో నాటి రాత్రి పోయినవాళ్ళు ఒక్కసారి ఇంటికొస్తారు. వాళ్ళ కుర్చీలో వాళ్ళ బట్టలు మడతపెట్టి, పక్కన ఒక గిన్నె అన్నం, ఒక గిన్నె సారా పెట్టి, ఇంట్లోవాళ్ళంతా లోపలి గదిలో బొంతలు ముసుగేసుకుని దాక్కుంటారు. వచ్చినవాళ్ళు తమ కుర్చీలో కాసేపు కూర్చుని వెళ్ళిపోతారు. తల్లి పోయినప్పుడు తనూ అలాగే దాక్కుంది. ఆ రాత్రి కుర్చీ లేని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా?

ఆమె పక్కకు తప్పుకుంది. ఆక్వన్ లోపలికొచ్చి కుర్చీని చూశాడు. మిగతా కుర్చీల వైపు చూశాడు. మళ్ళీ దాని వైపు చూశాడు.

"ఇదేనా?" చేతి కొస మీద వేలు పెట్టి వెంటనే తీసేశాడు. "గీకేశావా?"

"నాకేం తెలుసన్నయ్యా..."

"ఆయనకు కళ్ళు లేవు చెల్లెమ్మా. చేత్తో కాకపోతే దేంతో గుర్తుపడతాడు?"

"పట్టుకెళ్ళిపో. ఇప్పుడే పట్టుకెళ్ళిపో!"

"నేను పట్టుకెళ్ళి ఏమని ఇవ్వను? ఇదిప్పుడు ఆయనది కాదు." వెనక్కి వెనక్కి నడిచి, గడప తగిలి తూలి, గొడుగు కూడా తీసుకోకుండా వానలో పడి పోయాడు. ఆమె పిలుస్తూనే ఉంది. రేవు వైపు పరిగెత్తుతున్న అడుగుల చప్పుడు కాసేపటికి వానలో కలిసిపోయింది.

పెయ్‌జెన్ తలుపుకు అడ్డకర్ర బిగించింది. గు తాత వెళ్తే తన ఊరికే వెళ్తాడు, ఇక్కడికెందుకొస్తాడు అని తనకు తనే చెప్పుకుంది. మామగారికి గంజి తాగించింది. ఆయనకు మాత్రం ఏమీ చెప్పలేదు. గిన్నె కడుగుతుంటే కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించి ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుంది. బయట వాన. పక్కన ఈల. అంతే.

తర్వాత కొట్లోంచి ఒక చప్పుడు.

కొయ్య టక్కుమన్న చప్పుడు కాదు. మెత్తటిది. స్ర్ర్... స్ర్ర్... ఆగింది. మళ్ళీ స్ర్ర్... ఆ చప్పుడు ఏమిటో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కొయ్య మీద అరచెయ్యి రాసే చప్పుడు. రోజంతా తను చేసేది అదే.

ఈల సాగుతూనే ఉంది, మామగారు నిద్రలో ఉన్నాడు. ఆమె కొవ్వొత్తి పట్టుకుని గడప దాకా వెళ్ళింది. వేసిన తలుపు వేసినట్టే ఉంది. మనిషి లేడు. బురద వాసన వచ్చింది. తలనూనె వాసన వచ్చింది. కొవ్వొత్తి ఎత్తి చూసింది. కుర్చీల మీద పొద్దుటి పొడి తెల్లగా పరుచుకునే ఉంది... తలుపు పక్కనున్న మొదటి కుర్చీ చేతుల కొసల మీద తప్ప. అక్కడ తుడిచినట్టుంది. రెండో కుర్చీకీ అంతే. మూడోది చూస్తుండగానే... కొస మీది పొడి మెల్లగా కదిలింది. గుండ్రంగా. అరచెయ్యంత మేర. పెద్ద చెయ్యి. బొటనవేలు పెట్టే చోట వెతికినట్టు కాసేపు ఆగింది. తర్వాత ఒక నిట్టూర్పు.

నాలుగోది. ఐదోది.

అరవాలనుకుంది. అరిస్తే మామగారు ఉలిక్కిపడి లేస్తాడు. చొక్కా అంచు నోట్లో కుక్కుకుంది.

చప్పుడు గీకిన కుర్చీ దగ్గరికొచ్చింది. అక్కడ చాలాసేపు ఉంది. స్ర్ర్... స్ర్ర్... అటు చెయ్యి, ఇటు చెయ్యి, వీపు చెక్క, మళ్ళీ చెయ్యి. ఇదే తాతా, నీదే, తీసుకో అని ఆమె లోలోపల మొక్కుకుంది. పచ్చికొయ్య మీద ఆ రాపిడి ఇంకొంచెం ఆత్రంగా తిరిగింది. ఆగిపోయింది. ఏడుపు ఆపుకుంటున్న ముసలివాడి గొంతులో వచ్చేలాంటి చప్పుడొకటి వచ్చింది. తర్వాత రాపిడి ముందుకు కదిలింది.

కొట్లో కుర్చీలు అయిపోయాయి. చప్పుడు గోడ పట్టుకుంది. గోడ మీంచి ద్వారబంధానికి వచ్చింది. ఆమె భుజం పక్కనే. స్ర్ర్... కొవ్వొత్తి ఆరిపోయింది.

చీకట్లో ఆమె మామగారి దగ్గరికి పడుతూ లేస్తూ వచ్చింది. ఇంట్లో చేతి మెరుగున్న కుర్చీ ఇంకొక్కటే ఉంది. అందులో ఈయన కూర్చుని ఉన్నాడు. ఆ చెయ్యి వచ్చి ఈయన చెయ్యి మీద పడితే, ఈ ఊపిరి ఒక్క క్షణం నిలుస్తుందా?

"ఎవరే అది?" మామగారు గుసగుసగా అడిగాడు. ఎప్పుడు లేచాడో. గొంతులో బెదురు లేదు.

"ఎవరూ లేరు మామయ్యా. ఎలుక."

"ఎలుక కొయ్యని అలా నిమరదు." ఈల. "ఎవరి ఏడో రోజు?"

దాచి ఏం లాభం? ఆమె చెవిలో రెండు ముక్కల్లో చెప్పేసింది. చెప్తూ ఏడ్చేసింది.

"ఊరుకో. కుర్చీ కోసం వచ్చినవాడికి కుర్చీ ఇస్తే పోతాడు. నన్ను లేపు, నాది ఇచ్చెయ్."

"మీరెక్కడ కూర్చుంటారు? పడుకోలేరు, నిలబడలేరు..."

"ఇంకోటి తే. త్వరగా."

ఇంకోటి అంటే ఏముంది? కొట్లోవన్నీ బాగుచెయ్యడానికొచ్చినవి. ఒకదానికి కాలు లేదు, ఒకదానికి పేము అల్లిక లేదు, ఒకటి జిగురు పెట్టి తాళ్ళతో బిగించి ఉంది. మనిషి కూర్చోగలిగింది ఒక్కటే. పెయ్‌జెన్ కళ్ళు గట్టిగా మూసుకుని గడప దాటింది. దాటుతుంటే తడివల లాంటిదేదో చెంపను రాసుకుంటూ పోయింది. తడుముకుంటూ గీకిన కుర్చీని ఎత్తి, ఎలా మోసుకొచ్చిందో తనకే తెలియదు, ఆయన ఎదురుగా పెట్టింది. చంకల్లో చేతులు వేసి లేపి అందులోకి మార్చింది. బొంత కప్పింది. ఆయన బరువు ఎంత తగ్గిపోయిందో చీకట్లో ఇంకా బాగా తెలిసింది.

ఖాళీ అయిన కుర్చీ మీద అరచెయ్యి రాపిడి మొదలైంది. కొస. ఇంకో కొస. వీపు. తర్వాత, పేము అల్లిక కిర్రుమని కుంగింది. బరువైన మనిషి కూర్చున్నట్టు.

నిట్టూర్పు లేదు.

"అయిపోయింది," అని మామగారు ఆమె చెవిలో అన్నాడు. "కూర్చోనీ. తెల్లారేలోగా వెళ్ళిపోతాడు."

ఆమె నేల మీద కూర్చుని ఆయన మోకాలు పట్టుకుంది. ఆయన చెయ్యి బొంత కింది నుంచి బయటికొచ్చి, గీకిన కొస మీద పడింది. "పచ్చిగా చేసేశావే పాపం" అని గొణిగాడు. వడ్రంగి చెయ్యి కదా, ఊరికే ఉండలేకపోయింది. మెల్లగా రాయడం మొదలుపెట్టింది. స్ర్ర్... స్ర్ర్... ఎదురుగా ఆ కుర్చీలోంచీ అదే చప్పుడు. కాసేపు ఒకదాని తర్వాత ఒకటి. కాసేపటికి రెండూ ఒక్కసారే. పెయ్‌జెన్ ఎంత చెవులు రిక్కించినా ఏది ఎటునుంచో తెలియలేదు.

తర్వాత ఒక్కటే చప్పుడు మిగిలింది. ఆమె పక్కనుంచి.

వెళ్ళిపోయాడు! ప్రాణం లేచొచ్చినట్టయింది. అప్పుడు గమనించింది. ఈల లేదు. మామగారి ముక్కు కింద వేలు పెట్టింది. ఊపిరి ఉంది. వెచ్చగా, నిండుగా, ఏ అడ్డూ లేకుండా వస్తోంది. ఇన్నేళ్ళలో ఆయన ఇలా ఊపిరి తీయడం ఆమె వినలేదు. ఆయన మోకాలి మీద తలపెట్టుకుని కరువుదీరా ఏడ్చింది. ఏడుస్తూనే కునుకు పట్టింది.

వ్యాను హారన్ వినపడి లేచేసరికి తెల్లవారిపోయింది. వాన వెలిసింది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. మామగారు నిటారుగా కూర్చుని ఉన్నాడు, బుగ్గల్లో రంగు ఉంది. బొంత జారిపోయింది. నిన్న తను గీకిన కుర్చీ చేతుల కొసలు కనపడుతున్నాయి. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆయన బొటనవేలు ఒక గుంటలో కుదురుగా ఇమిడి ఉంది.

ఆమె గబగబా బొంత లాగి కప్పేసింది. అది యోంగ్‌లిన్ చూడకూడదని తప్ప ఆ క్షణాన ఆమెకు ఇంకేం తోచలేదు.

వెళ్ళి అడ్డకర్ర తీసేసరికి యోంగ్‌లిన్ నవ్వుకుంటూ వచ్చాడు. "నాన్నా! ఏంటి, ఈల వినపట్లేదే! పెయ్‌జెన్, ఏం మందు వేశావ్?" అంటూ తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

తలుపులోంచి పొద్దు సూటిగా ముసలాయన కళ్ళలో పడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప కొట్టలేదు. రెండు అరచేతులూ ఎత్తి గాల్లో కాస్త వెతికి, కొడుకు ముఖం మీద వేశాడు. నుదురు తడిమాడు, ముక్కు తడిమాడు, దవడలు తడిమాడు.

"ఎవరు బాబూ మీరు?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"నేను నాన్నా. యోంగ్‌లిన్‌ని."

ముసలాయన మళ్ళీ మొదట్నుంచీ తడిమాడు. తొందరేం పడలేదు. అయ్యాక, పరాయి పిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు బుగ్గ మీద మెల్లగా తట్టాడు.

"మంచివాడిలా ఉన్నావు. కాస్త మా వాణ్ణి వెతికి పిలుచుకురా బాబూ. ఇంట్లోనే ఎక్కడో ముసుగేసుకుని దాక్కుని ఉంటాడు."